జారింది ఒకరు, రుజువు చేసేది ఎవరు?

అమెరికాలో ఉండే మిత్రులకి షాపుల్లో నేల తుడిచాక పెట్టే పసుపుపచ్చ బోర్డు బాగా పరిచయమే. అక్కడ సరుకులు కొనడానికి వెళ్ళినవాడు జారిపడి దావా వేస్తే, నేల తడిగా ఉందని యజమానికి తెలుసనో, తెలిసి ఉండాల్సిందనో వాడే రుజువు చేసుకోవాలి. అదే షాపులో పనివాడు పడితే లెక్క వేరు. తప్పెవరిదని అడక్కుండానే సాధారణంగా పరిహారం ఇస్తారు.

మన దగ్గరా అంతే, అదీ 1923 నాటి పరిహార చట్టం నుంచి. యజమాని నిర్లక్ష్యం చూపించక్కర్లేదు. పని వల్ల, పనిలో ఉండగా ప్రమాదం జరిగిందని తేలితే చాలు. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చినా ఈ సూత్రం మారలేదు. మరైతే జనగామ జిన్నింగు మిల్లులోనో, మహబూబాబాద్ గోదాములోనో జారిపడిన మనిషికి డబ్బు సులువుగా రావాలి కదా?

చిక్కంతా ఆ "తేలితే" దగ్గరే ఉంది. 1969లో మెకినన్ మెకంజీ కేసులో ఓడ మీది పనివాడొకడు సముద్రంలో కనపడకుండా పోయాడు. చూసినవాళ్ళు లేరు. పని వల్లే పోయాడని చూపే భారం అడిగేవాళ్ళదే అంది సుప్రీంకోర్టు. ప్రత్యక్ష సాక్షి అక్కర్లేదు, పరిస్థితులను బట్టి సబబుగా ఊహించొచ్చు అని కూడా అంది. కానీ ఆ కేసులో అలా ఊహించడానికీ ఆధారం లేదంటూ క్లెయిము కొట్టేసింది.

భూపాలపల్లి వైపు కాంట్రాక్టు పని చేసే మా చుట్టం ఒకాయన ఆయిలు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. తీసుకెళ్ళిన సూపర్‌వైజరు ఆసుపత్రి కాయితంలో "ఇంట్లో జారిపడ్డాడు" అని రాయించాడు. "ఎట్ల రాస్తేంది బావా, కట్టయితే కట్టిన్రు గదా" అన్నాడు మనవాడు. మన భాషలో చెప్పాలంటే, లాగ్ ఫైల్లో మొదటి ఎంట్రీయే తప్పు పడింది. ఇంక ఎన్నాళ్ళు డీబగ్ చేసినా ఏం లాభం?

హాజరు పట్టీ, షిఫ్టు రిజిస్టరు, కెమెరా అన్నీ యజమాని చేతిలో ఉంటే రుజువు మాత్రం మంచమ్మీద ఉన్నవాడు తేవాలా? ఈఎస్ఐ నిబంధన పని వేళలో జరిగిన ప్రమాదం పని వల్లే జరిగిందని, కాదనే సాక్ష్యం లేకపోతే, ముందే అనుకుంటుంది. అందరికీ ఆ పద్ధతే ఉండాలని నా అభిప్రాయం.

అది వచ్చేదాకా, మీ వాళ్ళెవరైనా పనిలో పడితే ఆ రోజే కాయితంలో చోటు, టైము సరిగ్గా రాయించండి. ఫోన్లో ఫోటో తీయించండి. పక్కనున్న ఇద్దరి పేర్లు రాసుకోండి.