పన్సోడాన్ వీథిలోని సోఫేర్ భవనము

వైనతేయ గోదావరి సముద్రమున సంగమించు ఓడలరేవులో పుట్టి, ఉద్యోగరీత్యా రంగూన్‌లో, అనగా నేటి యాంగోన్‌లో, కాపురముండు నాకు, నగరమధ్యమున పన్సోడాన్, మర్చంటు వీథులు కలియు మూలనున్న సోఫేర్ భవనమును చూచునప్పుడెల్ల, అది పరాయివారి కట్టడమను భావము కలుగదు.

దీనిని 1906లో కట్టించినవారు బాగ్దాదు యూదు వర్తకులైన సోఫేర్ సోదరులు. 1852లో ఆంగ్లేయులు రంగూన్‌ను వశపరచుకొన్న పిమ్మట చదరంగపు గళ్లవలె తీర్చిన వీథులలో, ఆనాడు ఫేయర్ వీథియని పిలువబడిన ఈ వీథి బ్యాంకులకును కంపెనీలకును నెలవు. ఈ భవనమున రాయిటర్స్ వారి తంతి కార్యాలయముండెడిది. ఈజిప్టు సిగరెట్లు మొదలుగా దేశదేశాల సరకు ఇచట అమ్ముడుపోయెడిది. 1971 నుండి మేడమీద లోకనాథ్ చిత్రశాల నడచుచున్నది.

లోపల తప్పక చూడవలసినవి రెండు. మాంచెస్టరు నుండి తెప్పించి నేలను పరచిన రంగుపలకలు గడప దగ్గర అరిగిపోయినను గోడవారను నేటికిని నిగనిగలాడుచునే యున్నవి. తల యెత్తినచో, స్కాట్లండులోని లానార్క్‌షైరు నుండి వచ్చిన ఉక్కు దూలములు కనబడును. మన కోనసీమ మండువా లోగిళ్ల స్తంభములకు, ద్వారబంధములకు కలప పంపిన ఈ టేకు దేశముననే, విశాలమైన అంగడిశాలల పైకప్పు బరువును మోయుటకై ఉక్కును సముద్రముల కావలినుండి తెప్పించిరన్నమాట.

ఆ కాలమున రంగూన్ రేవులో ఓడల సరకు దింపెడివారిలో అత్యధికులు తెలుగువారు. గోదావరి, విశాఖపట్టణము, గంజాము జిల్లాల పేదలు మేస్త్రీల వద్ద బయానా పుచ్చుకొని, కాకినాడ మొదలగు రేవులలో పొగయోడ లెక్కి, తాము ‘రంగము’ అని పిలుచుకొన్న రంగూన్ పోయి, ఈ నగరమునకు వచ్చిన బరువులను భుజములపై మోసిరి. 1930 మే నెలలో కూలి పెంచుమని వారు సమ్మె చేయగా, యజమానులు బర్మా కూలీలను పనిలో పెట్టుకొనిరి. రాజీ కుదిరి తెలుగువారు తిరిగి పనిలో చేరిన దినముననే, 26వ తేదీన, రేగిన అల్లరులలో మనవారనేకులు హతులైరి. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడిన తరువాత, ఓడలో చోటు దొరకని వేలాదిమంది అరకాన్, అస్సాము దారులను కాలినడకన స్వదేశమునకు బయలుదేరగా, ఎందరో నడిదారిలోనే అసువులు బాసిరి.

భవనముల చరిత్రలలో ధనమిచ్చిన వారికి, నమూనా గీచిన వారికి స్థానము కలదు, అది న్యాయమే. కాని రేవునుండి బరువు మోసిన చేతులకును ఆ చరిత్రలో స్థానముండవలెనని నా దృఢవిశ్వాసము. మన తీరగ్రామములలో ఏ యింటి భోషాణముననైనను రంగమునుండి వచ్చిన మనియార్డరు రసీదులు, ఉత్తరములు మిగిలియున్నచో, వానిని పారవేయక భద్రపరచుడు. పెద్దలు చెప్పగలిగిన సంగతులను నేడే వ్రాసియుంచుడు. రంగూన్ చరిత్రలో మన జిల్లాల అధ్యాయమును వ్రాయుటకు అవియే ఆధారములు.