గ్రీజు కొట్టించారా?

‘సర్వీసు చేయించా’ అంటే ఇప్పుడు మనకి అర్థం రెండే. ఇంజిన్ ఆయిల్ మార్చడం, ఫోమ్ వాష్. బండి కిందకి తొంగి చూసేదెవరు? మా నాన్న మాత్రం ముందు కిందకే చూస్తారు. ఇరవై ఏళ్లు అంబాసిడర్ ట్యాక్సీ నడిపిన మనిషి. రెండు వేల కిలోమీటర్లు తిరిగితే చాలు, షెడ్డుకి తీసుకెళ్లి గ్రీజు కొట్టించాల్సిందే. వానాకాలంలో ఇంకా ముందే.

ఆ పని చూడటం నాకు భలే ఇష్టం. ముందు చక్రాలు జాకీతో లేపి, జాయింట్ల దగ్గరుండే చిన్న నిపిళ్లని గుడ్డతో తుడవాలి. లేకపోతే గ్రీజుతో పాటు ఇసకా లోపలికి పోతుంది. తర్వాత గ్రీజు గన్ తగిలించి నొక్కితే అంచుల్లోంచి నల్లటి పాత గ్రీజు, దాని వెనకే కొత్తది. ఆ కొత్తది కనిపించేదాకా నాన్న కదిలేవారు కాదు. చక్రం ఎందుకు లేపాలంటే, బండి బరువంతా జాయింట్ మీదుంటే ఆ పక్క సందు మూసుకుపోయి గ్రీజు సరిగ్గా ఎక్కదు.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఇప్పటి కార్లలో నిపిళ్లు దాదాపు లేవు. బాల్ జాయింట్‌లో గ్రీజు ఫ్యాక్టరీలోనే నింపి, రబ్బరు బూటు తొడిగి మూసేస్తారు. ‘జీవితాంతం చూడక్కర్లేదు’ అంటారు. ఎవరి జీవితాంతం? బూటు చిరిగిందంటే గ్రీజు బయటికి, నీళ్లూ దుమ్మూ లోపలికి.

పోయినేడాది అక్కావాళ్లు పిల్లల్తో అరకు బయల్దేరబోయారు. బండి వారం కిందే సర్వీసు నుంచి వచ్చింది. స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడల్లా టక్కుమంటోందని అక్క అంటే, ‘మన రోడ్లు అలా ఉన్నాయిలే’ అన్నాడు బావ. నాన్న ఊరుకోలేదు. ముందు చక్రం లేపించి, పైనా కిందా పట్టుకుని ఊపారు. ఆడుతోంది! టార్చ్ వేస్తే ఎడమ వైపు కింది బాల్ జాయింట్ బూటు చీలిపోయి ఉంది, లోపలంతా తుప్పు. ఆ జాయింట్ ఊడితే చక్రం ఒరిగిపోతుంది, ఇక స్టీరింగ్ మాట వినదు. ఘాట్ రోడ్డు మలుపులో అలా జరిగితే... వద్దులెండి.

‘అల్లుడుగారూ, రెండ్రోజులు ఆగండి’ అన్నారు నాన్న. బావ మూతి ముడుచుకున్నాడు. పిల్లలు అలిగారు. కొత్త జాయింట్ వేయించి, అలైన్‌మెంట్ చూపించాకే తాళాలు ఆయన చేతిలోంచి వచ్చాయి.

మీ బండి లిఫ్ట్ మీద ఉన్నప్పుడు ఫోన్ లైట్ వేసి బూట్లు చూడండి. పగుళ్లున్నా, చుట్టూ గ్రీజు చిమ్మినట్టున్నా మెకానిక్‌ని అడగండి. కిర్రుమంటోందని రబ్బరు బుష్‌ల మీద ఇంజిన్ ఆయిల్ మాత్రం పోయకండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. ఇంట్లో పాత జీపో, ట్రాక్టరో ఉందా? అయితే గన్ బయటికి తీయాల్సిందే. అన్నట్టు, ఒట్టి జాకీని నమ్మి బండి కిందకి దూరకండి, స్టాండ్లు పెట్టుకోండి.