నీటిరంగుల్లో "నేను"

ఆత్మాశ్రయత్వం అనే మాట వినగానే మనలో చాలామందికి అనుమానం కలుగుతుంది. ఆ అనుమానానికి చారిత్రక కారణం ఉన్నది. భావకవిత్వపు చివరి దశలో "నేను" సమాజాన్ని మరిచి తన వేదననే ఆరాధించుకున్నది. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితలు తొలి మహాసభ జరుపుకొనేనాటికి ఆ "నేను" నుంచి బయటపడటం సాహిత్యానికి అవసరమయింది. కనుక తెలుగు అధ్యాపకుడొకడు సెలవురోజుల్లో అద్దం ముందు కూర్చుని తన ముఖాన్నే నీటిరంగుల్లో వేసుకుంటున్నాడంటే, "మళ్లీ పాతరోగమేనా?" అని మిత్రులు అడగటం న్యాయమే. జవాబు చెప్పవలసిన బాధ్యత నాది.

ముందు పద్ధతి సంగతి. పెన్సిలుతో గీత గీసి అందులో రంగు నింపటం కాదు నేను చేసేది. కాగితాన్ని తడిపి, పెద్ద కుంచెతో వెలుగునూ నీడనూ ముద్దలుగా పెడతాను. తడిమీద రంగు అంచు దాటి పాకుతుంది. చెంప మెడలోకి, మెడ చొక్కాలోకి కలిసిపోతాయి. కనురెప్ప, ముక్కు కింది నీడ, పెదవుల మధ్య గీత, ఈ మూడుచోట్ల మాత్రం కాగితం ఆరేదాకా ఆగి గట్టి అంచు పెడతాను. ఆరితే రంగు పలచబడుతుంది గనుక, తడిగా ఉన్నప్పుడు కంటికి ఎక్కువనిపించేంత చిక్కగా వేయాలి. చూసేవారికి ఇది విచ్చలవిడితనంగా తోచవచ్చు. కాని ప్రతి మరక వెనుకా ఎంత నీరు, ఎంత రంగు, ఎంతసేపు అనే లెక్క ఉన్నది.

వస్తువు సంగతి ఇక్కడే మొదలవుతుంది. పారదర్శకమైన నీటిరంగుల్లో వదిలేసిన కాగితమే తెలుపు. నా ముఖంలో అలా వదలదగిన చోటు ముక్కు కొనమీదా, కంటితడిలోనూ చిటికెడు. తక్కినదంతా నలుపు. "చర్మపు రంగు" అనే పేరుతో చాలాకాలం అమ్ముడయిన రంగు తెల్లవారి చర్మానిది. అమెరికాలో క్రేయోలా కంపెనీ ఆ అర్థమిచ్చే "ఫ్లెష్" క్రేయాన్ పేరును 1962లో "పీచ్"గా మార్చింది. మన ప్రబంధాలు మాత్రం తక్కువ తిన్నాయా? నాయిక మేనిని బంగారంతో, మెరుపుతో పోల్చే వర్ణనలను ఏటా నేనే తరగతిలో వివరిస్తాను. ముందు బల్లల్లోని నల్లని ముఖాలు తలవంచుకుని రాసుకుంటాయి.

బర్న్ట్ సియెన్నా అంటే కాల్చిన మట్టి, ఇనుము కలిసిన మట్టి. దానికి అల్ట్రామెరీన్ నీలం కలిపితే వచ్చే నలుపులో జీవం ఉన్నది. ఒకచోట ఎరుపు పలుకుతుంది, మరొకచోట నీలపు రేణువులు కాగితపు గుంటల్లో దిగి మిగులుతాయి. ఎండలో కలుపు తీసిన మా అమ్మ చేతుల రంగు అది. నా ముఖంలో నేను వెతుకుతున్నది ఆ వారసత్వాన్నే. "ఇంత నలుపు వేసుకున్నారేం సార్?" అని ఒక విద్యార్థిని అడిగింది. "ఉన్నంతే వేశాను" అన్నాను. ఆ రెండు రంగుల పేర్లూ రాసుకుని వెళ్లింది.

జర్మన్ చిత్రకారిణి కేథే కోల్‌విట్స్ (1867–1945) అర్ధశతాబ్దంపాటు తన ముఖాన్ని తానే చిత్రిస్తూ వచ్చింది. 1890లలో నేతపనివారి తిరుగుబాటును చిత్రమాలగా చేసిన చెయ్యి అది. 1914లో యుద్ధానికి కొడుకును పోగొట్టుకున్న తల్లి చెయ్యి కూడా అదే. అందుకే ఆమె స్వీయచిత్రాల్లోని అలసట బెర్లిన్ శ్రామికవాడల స్త్రీల అలసటకు పరాయిది కాదు. 1933లో నాజీలు ఆమెను ప్రష్యన్ అకాడమీ నుంచి తప్పుకొనేట్లు చేశారు.

అయితే శైలి ఒక్కటే అభ్యుదయానికి హామీ అనుకోరాదు. తడికాగితం మీద నీటిరంగులను ఎమిల్ నోల్డె అంత స్వేచ్ఛగా పారించినవారు అరుదు. ఆయన నాజీ పార్టీ సభ్యుడు. 1937లో ఆ నాజీలే ఆయన చిత్రాలను "పతనకళ" ప్రదర్శనలో పెట్టి అవమానించినా ఆయన వారిని విడవలేదు. చెయ్యి కట్లు తెంచుకున్నంత మాత్రాన బుద్ధి కట్లు తెగవు.

కనుక స్వీయచిత్రంలో "నేను" ఉన్నందుకు అభ్యంతరం చెప్పనక్కరలేదు. ఆ "నేను" ఏ మట్టిలోనుంచి వచ్చింది, ఎవరి పక్కన నిలబడింది అని నిలదీయాలి. నా చిత్రాలనూ ఆ ప్రశ్నతోనే చూడమని మిత్రులను కోరుతున్నాను.