పచ్చగా ఉంటే బతికున్నట్టు కాదు

తిరువళ్లూరు నుంచి తిరుత్తణి దాకా రోడ్డు పక్క నర్సరీలన్నీ చూసి రాయమన్నారు ఎడిటర్ గారు. నేను ఒక్కచోటే ఆగిపోయాను. సవుకు గుంజలకు కట్టిన ఆకుపచ్చ వల కింద ఎనభై దాటిన పెద్దాయన ఒకరు గొంతుక్కూర్చుని, నల్ల కవర్లోని జునిపర్ మొదట్లో మట్టిని బొటనవేలితో తోస్తున్నాడు. ఆకు వైపు చూడనే లేదు.

“పాదం ఎట్లుండాదో చూడాల నాయనా.”

అంగుళం మట్టి జరిగాక వేళ్లు బయటపడ్డాయి. మూడు పక్కలకు పరుచుకున్నాయి, నాలుగో పక్క బోసి. మొదలు లావు, పైకి పోయేకొద్దీ సన్నం. కింది కొమ్మల్లో ఇంకా ప్రాణముంది. “ఇది బోన్సాయ్‌కి పనికొస్తాది” అన్నాడు. పక్కనే రెండింతలు ఎత్తు పెరిగి కర్రలా నిలబడ్డదాన్ని ముట్టుకోలేదు. కొనేవాళ్లు మాత్రం దాన్నే ఎత్తుకుపోతారట.

వాళ్ల మీదే ఆయన కోపం. అరకేరియా, తూజా, జునిపర్ మూడూ వాళ్లకి క్రిస్మస్ చెట్టే. ఇంటికి పోయి వేపను నరికినట్టు నరుకుతారు. వేపను మోడు చేసినా మళ్లీ చిగురేస్తుంది. జునిపర్ కొమ్మ మీది పచ్చదనమంతా దూసేస్తే ఆ కొమ్మ పోయినట్టే. లేతమొక్కకు ఏడాదికి ఒక్క దెబ్బే తగలాలంటాడు. కొమ్మలు కత్తిరించిన ఏడు వేళ్ల జోలికి పోడు. కుండీ మార్చినా పాత మట్టి కొంత వేళ్లకే ఉంచుతాడు. కొత్త మట్టిలో ఇటుక ముక్కలు, ముతక ఇసుక పడాలి, నీళ్లు నిలవకూడదు.

నా నేరం ఒప్పుకున్నాను. ఒక జునిపర్‌ని ఏసీ గదిలో బల్ల మీద పెట్టి, రోజూ నీళ్లు పోసి, నెల దాటాక ఎండిపోయిందని ఏడ్చాను. ఆయన నవ్వాడు. “అది ఎప్పుడో పోయుంటాది. వేరు చచ్చినా ఆకు వారాలకొద్దీ పచ్చగానే ఉంటాది. గోటితో బెరడు గీకి చూసుంటివా?”

చూడలేదు.

లోపల్నుంచి అట్టలూడిన నోటుబుక్కు ఒకటి తెచ్చాడు. ఏ మొక్కకు ఎప్పుడు అల్యూమినియం తీగ చుట్టిందీ, బెరడును కోయకముందే ఎప్పుడు విప్పిందీ, ఏది ఏ ఎండకు మాడిందీ అన్నీ తెలుగులో ఉన్నాయి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లాను వదిలి మద్రాసు రాష్ట్రంలో కలిసేనాటికే ఆయన తెలుగు బడి చదువు ముగిసింది. పక్కన నీళ్లు పడుతున్న మనవడు మాతో చక్కటి తెలుగే మాట్లాడుతున్నాడు. చదవడం మాత్రం రాదు.

నాకు ఒళ్లు మండింది. తిట్టాల్సింది ఎవరినో తేలలేదు. హిరోషిమాలో యమకి కుటుంబం పెంచిన తెల్ల పైన్ బోన్సాయ్ ఒకటుంది. 1625 నుంచి కుండీలోనే ఉన్న ఆ చెట్టు 1945 బాంబును తట్టుకుంది. 1976లో జపాన్ దాన్ని అమెరికాకు కానుకగా ఇచ్చింది. అందరూ దాని వయసు చూసి నోరెళ్లబెడతారు. నాకు ఆశ్చర్యం వేరే: నీళ్ల డబ్బా ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారిన ప్రతిసారీ, ఎంత పోయాలో చెప్పినవాడూ ఉన్నాడు, విన్నవాడూ ఉన్నాడు. మనం డబ్బా అందిస్తున్నాం. ఆ చెప్పడం దగ్గరే తెగుతోంది. మన తెలుగు బడులు మూతపడ్డప్పుడు పద్యాలు పోతాయనే బాధపడ్డాం కానీ, ఇలాంటి నోటుబుక్కులు ఎన్ని మూగబోయాయో లెక్కేసిందెవరు?

“నువ్వు చదువు సార్, నేను రాసుకుంటా” అన్నాడు మనవడు, ఉన్నట్టుండి పైపు కింద పడేసి.

చదివాను. తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లో రాసుకున్నాడు. అక్కడ క, గలకు ఒకటే అక్షరం. కాగితం మీద తీగకూ తీకకూ తేడా లేదు. రాసింది ఒకసారి చదవమన్నాను.

“మార్గళిలో తీగ కట్టినా. చిత్తిరైలో విప్పినా.”

తీగ అనే చదివాడు. పెద్దాయన తలెత్తలేదు, బొటనవేలితో ఇంకో మొక్క పాదం వెతుకుతున్నాడు.