వెనక నిలబడ్డవాడు

తెనాలిలో మా ఇంటికి రెండు సందుల అవతల ఒక వీడియో గేముల కొట్టు ఉండేది. కొట్టని పేరే గానీ, ఒకాయన తన ఇంటి వీధిగదిలో రెండు చిన్న టీవీలు పెట్టి, ముందర రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసి, వెలుతురు పడకుండా గుమ్మానికి పాత దుప్పటి కట్టాడు. అంతే సరంజామా. అరగంటకు మూడు రూపాయలు. 1996 వేసవి సెలవులు మొత్తం నేను ఆ దుప్పటి లోపలే గడిపాను. కాకపోతే కుర్చీలో కూర్చున్నది తక్కువ. ఇంట్లో నాకు రోజుకు అర్ధరూపాయి ఇచ్చేవాళ్ళు. ఆరు రోజులు నిలబడితే అరగంట కూర్చోవచ్చన్నమాట.

నాలా నిలబడేవాళ్ళు ఏ పూట చూసినా అరడజను మంది ఉండేవాళ్ళు. ఆడేవాళ్ళు ఇద్దరు, చెప్పేవాళ్ళు ఆరుగురు. "జంప్ చెయ్ రా, జంప్!" "ఆ ఇటుక కొట్టరా, పుట్టగొడుగు వస్తుంది." "నీ వల్ల కాదు గానీ రిమోట్ ఇటియ్యి." చేతిలో పట్టుకునేదాన్ని మేం రిమోటనే అనేవాళ్ళం, పెట్టెలో దూర్చేదాన్ని క్యాసెట్ అనేవాళ్ళం. ఇంత గోలలోనూ ఆడేవాడు మాత్రం నోరు మెదిపేవాడు కాదు. నాలుక చివర పళ్ళ మధ్య పెట్టుకుని, మారియో గెంతినప్పుడల్లా తన మోచేతులు కూడా ఎగరేస్తూ, వేరే లోకంలో ఉండేవాడు. టైమయిందని కొట్టాయన భుజం మీద తట్టినప్పుడే వాడు మళ్ళీ తెనాలికి వచ్చేవాడు. వచ్చీ రాగానే మా పక్కన నిలబడి, తర్వాత కూర్చున్నవాడికి సలహాలు మొదలుపెట్టేవాడు.

వీడియో గేముల అభిమానులు వాదించుకోవడం నేను చాలా చోట్ల చూశాను. ఏ పెట్టె గొప్ప, రెండో భాగం చెడిందా బాగుపడిందా, ఏ వరసకు ఏ వరస సాటి అని గంటలు గంటలు మాట్లాడుకుంటారు. విన్నప్పుడల్లా నాకు ఆ దుప్పటి గదే గుర్తొస్తుంది. ఆడుతున్నవాడికి అభిప్రాయం ఉండదు. అది వెనక నిలబడ్డవాడి సొత్తు. పేకాటలో ముక్కలు పట్టుకున్నవాడి కన్నా వాడి భుజం మీంచి చూసేవాడికే ఆట ఎక్కువ తెలుస్తుంది కదా, ఇదీ అంతే.

మా ఆరుగురికీ అభిప్రాయం లేని విషయమంటూ ఉండేది కాదు. క్యాసెట్ పడకపోతే తీసి ఊదాలి. ఎలా ఊదాలన్నదాని మీద మూడు మతాలు. పిల్లనగ్రోవి ఊదినట్టు ఈ చివర నుంచి ఆ చివరికి మెల్లగా ఊదాలని ఒకడు. కట్టెలపొయ్యి ఊదినట్టు ఒక్కసారి గట్టిగా ఊదాలని ఇంకొకడు. చొక్కా అంచు అడ్డం పెట్టి ఊదితేనే తుంపర్లు పడవని మూడోవాడు. చాలా ఏళ్ళకు తెలిసింది, క్యాసెట్లలో ఊదవద్దని, తేమకు లోపలి పిన్నులు పాడవుతాయని అసలు పెట్టెలు చేసిన నింటెండో కంపెనీవాళ్ళే చెప్పారట. తీసి మళ్ళీ పెట్టినప్పుడు పిన్నులు సరిగా తగిలి గేమ్ పడేది, ఊదడానికీ దానికీ సంబంధం లేదు. మూడు మతాలూ ఒక్కసారిగా కూలిపోయాయి. ఇప్పటికీ ఏదైనా పనిచేయకపోతే నా నోరు దానంతట అదే గుండ్రంగా తిరుగుతుంది.

కాంట్రా అనే గేములో ముప్పై లైఫుల మంత్రం కూడా అలా వెనకనుంచి అందిందే. అప్ అప్ డౌన్ డౌన్, లెఫ్ట్ రైట్ లెఫ్ట్ రైట్, బీ ఏ. పదహారో ఎక్కం తడబడేవాడు కూడా దీన్ని గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. దీని పుట్టుక తెలిశాక నాకు మహా సంతోషం కలిగింది. కొనామీ అనే గేముల కంపెనీలో కజుహిసా హషిమోటో అనే ఆయన, ఆర్కేడ్ యంత్రంలో ఉన్న గ్రేడియస్ గేమును 1986లో ఇళ్ళలో ఆడే పెట్టెకు మార్చాడు. మార్చినదాన్ని ఆయనే ఆడి సరిచూసుకోవాలి. చూస్తే అది మహా కష్టమైన ఆట, ఆయనకు గెలవడం చేతకాలేదు. అందుకని తన వరకు సులువుగా ఉండేలా ఈ మీటల వరస పెట్టుకున్నాడు. అది అలాగే ఉండిపోయి, తర్వాత కాంట్రాలోకి వచ్చి, తెనాలి దాకా చేరింది. 2020లో ఆయన పోయారని చదివినప్పుడు సొంత ఊరి మనిషి పోయినట్టనిపించింది. ఆట తయారుచేసినవాడు కూడా ఒక పూట మా పక్కన నిలబడాల్సినవాడే!

ఇక రెండో భాగాల సంగతి. మా కొట్లో ఒక క్యాసెట్ మీద 9999 గేములని రాసి ఉండేది. తిప్పి తిప్పి చూస్తే అవే పదో పాతికో, రంగు మార్చి, స్టేజీ మార్చి మళ్ళీ మళ్ళీ వచ్చేవి. అందులో 'మారియో 14' అని ఒకటి. మధ్యలో పన్నెండింటికీ ఏమైందని మేం అడగలేదు. అది మారియో కాదని, ఇంకెవరి గేములోనో వాళ్ళ హీరో తల తీసేసి మారియో తల అతికించారని మాలో ఒకడు కనిపెట్టాడు. మాకు ఎంత కోపమొచ్చిందో! వినాయకుడి కథ విని పెరిగినవాళ్ళమే అయినా ఈ తల మార్పిడిని క్షమించలేకపోయాం.

అసలు కంపెనీయే ఆ పని చేసిందని అప్పుడు తెలిస్తే ఏమైపోయేవాళ్ళమో. 1985లో సూపర్ మారియో బ్రదర్స్ వచ్చింది. మరుసటి ఏడు జపానులో రెండోది వచ్చింది. మొదటిదాని లాగానే ఉండి, ఆడేవాణ్ణి ఏడిపించేంత కష్టంగా తయారైంది. అమెరికావాళ్ళు దీన్ని తట్టుకోలేరని నింటెండో అనుకుంది. 1987లో జపానులో వచ్చిన, తానే తయారుచేసిన డోకి డోకి పానిక్ అనే వేరే గేమ్ తీసుకుని, అందులోని మనుషుల తలలు మార్చి, మారియో, లుయిగి, రాకుమారి, టోడ్‌లను పెట్టి, 1988లో అమెరికాలో 'మారియో 2' అని అమ్మింది. అందులో ఇటుకలు కొట్టడం లేదు, శత్రువు నెత్తిన గెంతితే చావడు. నేలలోంచి దుంపలు పీకి విసరాలి. ఇదేం మారియో అని ముఖం చిట్లించినవాళ్ళు ఉన్నారు, ఇదే నా మారియో అని పెరిగినవాళ్ళూ ఉన్నారు. చివరికి 1992లో అది జపానుకే తిరిగివెళ్ళి 'సూపర్ మారియో యూఎస్ఏ' పేరుతో అమ్ముడుపోయింది. దత్తుపోయిన పిల్లాడు పేరు మార్చుకుని పుట్టింటికి చుట్టపుచూపుగా వచ్చినట్టు! అందులోని ముసుగు బొమ్మలు, గుడ్లు ఉమ్మే పక్షిలాంటిదీ ఈనాటికీ మారియో పరివారంలో ఉన్నాయి.

రెండో భాగం దగ్గర అభిమాని అడిగేది తీర్చగలిగిన కోరిక కాదు. అదే ఉండాలి, అదే ఉండకూడదు. ఆవకాయ విషయంలో మా ఇంట్లో ఏటా జరిగే గొడవే ఇది. నిరుడు పెట్టినట్టే పెట్టమంటారు. అలాగే పెడితే ఈసారి కొత్తగా ఏం లేదంటారు. మెంతులు కాస్త ఎక్కువ పడితే, అమ్మమ్మ చేతి ఆవకాయే ఆవకాయ అని నిట్టూరుస్తారు. 'జెల్డా' వరసలో 1986 నాటి మొదటి గేమును పైనుంచి చూస్తూ ఆడాలి. మరుసటి ఏడు వచ్చిన రెండోది పక్కనుంచి చూపించింది, ఊరూరా తిరిగి మనుషులతో మాట్లాడమంది. ఆ వరసలో చాలామంది అభిమానులు ఇప్పటికీ దూరపు చుట్టంలా చూసేది దాన్నే. కానీ ఆ వరస మాత్రం ఆగలేదు. లింక్ అనే కుర్రాడు, జెల్డా అనే రాకుమారి, ఒక కత్తి, ఒక దుష్టుడు. చాలాసార్లు కొత్త యుగం, కొత్త లింక్. కథ తెలిసిందే కదా, మళ్ళీ ఎందుకంటారా? ఆ ప్రశ్న మనం అడగకూడదు. రంగనాథ రామాయణం ఉండగా మొల్ల రాసింది, మొల్ల ఉండగా విశ్వనాథ కల్పవృక్షం నాటారు.

పెట్టెల మీద పోట్లాటలు మాకు ఆలస్యంగా వచ్చాయి. మా కొట్లో ఉన్నవి నకిలీ పెట్టెలు. నింటెండో పేరు వినకుండానే మేం నింటెండో అభిమానులమైపోయాం. ఆ వేసవి చివర్లో ఒక కాంట్రాక్టరుగారి అబ్బాయి సింగపూర్ నుంచి వచ్చిన సెగా పెట్టెతో మా మధ్యకు దిగాడు. అందులో నీలం రంగు ముళ్ళపంది సోనిక్, 1991లో పుట్టినవాడు. "మీవాడు నడుస్తాడు, మావాడు పరిగెడతాడు" అన్నాడు. అది వాడి సొంత మాట అనుకున్నాం. అమెరికాలో సెగా ప్రకటనలు చెప్పిందీ అదేనని తర్వాత తెలిసింది. నింటెండో పేరునే విరిచి, ఆ కంపెనీ చేయలేనిది మేం చేస్తామని అర్థమొచ్చేలా నినాదం కట్టారు.

ఈ పోట్లాటకు మూలం డబ్బు. ఇంటికి పెట్టె ఒక్కటే వస్తుంది. వచ్చినదే గొప్పదని నమ్మకపోతే రాత్రి నిద్రపట్టదు. కాంట్రాక్టరుగారి అబ్బాయి బాధ నాకిప్పుడు అర్థమవుతుంది. మరి పెట్టే లేని మేమెందుకు కొట్లాడాం? ఎన్టీఆర్ మనకేమైనా పొలం రాసిచ్చాడా, ఏఎన్నార్ పెళ్ళి భోజనానికి పిలిచాడా? టికెట్టు డబ్బులు కూడా అప్పుచేసిన మనిషే హాలు బయట ఎక్కువ అరుస్తాడు. లోపల 'గుండమ్మ కథ'లో వాళ్ళిద్దరూ అన్నదమ్ములై హాయిగా ఉంటారు.

సెగా, నింటెండోల కథా ఆ హాలు లోపలికే చేరింది. 2001లో సెగా పెట్టెలు చేయడం మానేసింది. ఆ ఏడాదే సోనిక్ నింటెండో యంత్రాల్లోకి వచ్చాడు. 2007లో మారియో, సోనిక్ కలిసి బీజింగ్ ఒలింపిక్స్ పేరు మీద ఒకే గేములో పరుగుపందెం పెట్టుకున్నారు. అసలైన మల్టీస్టారర్. ఆ మాట చెప్పడానికి కాంట్రాక్టరుగారి అబ్బాయికి ఫోన్ చేశాను. ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్నాడు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పరుగులో మావాడే గెలిచుంటాడు, చూసుకో" అన్నాడు.

నిలబడి చూడటమే కాకుండా చెయ్యి పెట్టినవాళ్ళను నేను 2008లో అమీర్‌పేట హాస్టల్లో చూశాను. నలుగురికి ఒక గది, ఒక అసెంబుల్డ్ కంప్యూటర్, అందులో ఈఏ స్పోర్ట్స్ వారి 'క్రికెట్ 07'. రిచీ బెనో, మార్క్ నికొలస్ వ్యాఖ్యానం. వాళ్ళు ఏ బంతికి ఏమంటారో మాకు కంఠతా వచ్చు. 2006 నవంబరులో వచ్చిన ఆ గేముకు తర్వాతి భాగం ఈఏ నుంచి ఇంతవరకూ రాలేదు. రాకపోతే అభిమానులు ఊరుకుంటారా? జెర్సీలు, బ్యాట్లు, మైదానాలు, ముఖాలు సొంతంగా గీసి ప్యాచ్‌లు చేసుకున్నారు. గేమ్ వచ్చేనాటికి ఐపీఎల్ పుట్టనేలేదు, అయినా అందులో ఐపీఎల్ ఆడేశారు. మా రూమ్మేట్ ఇంటర్వ్యూకు చదవాల్సిన రాత్రిళ్ళు దక్కన్ చార్జర్స్ చొక్కాకు రంగులు సరిచేస్తూ కూర్చునేవాడు. ఆ సంవత్సరం దక్కన్ చార్జర్స్ బయట అట్టడుగున నిలిచింది, మా గదిలో మాత్రం కప్పు కొట్టింది. మరుసటి ఏడు బయట కూడా కొట్టింది. అందులో తన వాటా ఉందని వాడు ఈనాటికీ నమ్ముతాడు.

ఆ 2009లోనే హైదరాబాదుకు చెందిన అరోనా టెక్నాలజీస్ తయారుచేసిన 'హనుమాన్: బాయ్ వారియర్' ప్లేస్టేషన్ 2 మీద వచ్చింది. పూర్తిగా మన దేశంలో తయారై కన్సోల్‌కు ఎక్కిన మొదటి గేమ్. సమీక్షకులు దాన్ని మెచ్చలేదు. మా గదిలోనూ రెండు పక్షాలయ్యాయి. మనవాళ్ళు చేశారు కాబట్టి బాగుందనాలని ఒకరు, మనవాళ్ళు చేశారు కాబట్టే గట్టిగా చెప్పాలని ఇంకొకరు. మా నలుగురిలో ఒక్కడికీ ప్లేస్టేషన్ లేదు.

మొన్న సంక్రాంతి సెలవులకు హైదరాబాదులో మా అక్క ఇంటికి వెళ్ళాను. మేనల్లుడు నింటెండో స్విచ్‌ను టీవీకి తగిలించి, స్నేహితులిద్దరితో కలిసి జెల్డా ఆడుతున్నాడు. 2017లో వచ్చిన 'బ్రెత్ ఆఫ్ ది వైల్డ్'. నేను సోఫా వెనక నిలబడ్డాను. కాళ్ళకు ఆ చోటు బాగా గుర్తుంది. నోటికి కూడా. "ఆ కొండ ఎక్కరా, పైనేదో మెరుస్తోంది" అన్నాను. "మా కాలంలో మొత్తం ఆట ఆడటానికి రెండు మీటలు చాలేవి" అన్నాను. "ఇన్ని హంగులు ఉంటే ఇక ఆట ఎక్కడుంది?" అని కూడా అన్నాను.

వాడు వెనక్కి తిరిగి చూడకుండానే "నువ్వాడు మామయ్యా" అని ఆ రిమోట్ నా చేతిలో పెట్టాడు.

ఎడమ బొటనవేలితో మనిషి కదలాలి, కుడి బొటనవేలితో వాడు చూసే దిక్కు మారాలి. నా లింక్ ముందు ఆకాశం చూశాడు, తర్వాత తన కాళ్ళు చూసుకున్నాడు, ఆ తర్వాత చెరువులో పడ్డాడు. ఎలాగో బయటికి తెచ్చి కొండ ఎక్కించాను. సగం దూరం వెళ్ళేసరికి వాన మొదలైంది. రెండడుగులు ఎక్కితే జర్రున జారుతున్నాడు. "వానలో రాయి జారుతుంది అంకుల్, ఆగాలి." "కాదంకుల్, జంప్ చెయ్యండి, జంప్!" "రెండో భాగంలో అయితే ఈ బాధే లేదు, చెక్కలు అతికించి ఎగిరే బండి చేసుకోవచ్చు." "అదేం గొప్పరా, సగం మ్యాప్ పాతదే." "పాతదైతేనేం, పైన ఆకాశం ఉంది, కింద పాతాళం ఉంది." ముగ్గురూ ఒకరి మాట ఒకరు వినడం మానేశారు.

నాకు ఒక బండ చూరులా ముందుకు పొడుచుకొచ్చి కనిపించింది. లింక్‌ను దాని కిందికి తీసుకెళ్ళి నిలబెట్టాను. నాలుక పళ్ళ మధ్యకు ఎప్పుడు వచ్చిందో తెలియదు. వెనక ఎవరో మారియో గొప్పా ఇది గొప్పా అని నన్నే అడుగుతున్నారు. వాన ఇంకా కురుస్తూనే ఉంది.