మౌస్‌ప్యాడు కొనుట

వస్త్రపు నాణ్యమును వ్రేళ్లతో తడవి చెప్పగల సోదరీమణులు మౌస్‌ప్యాడు కొనవలసి వచ్చినప్పుడు మాత్రము "ఆ సంగతి పిల్లలకే తెలియును" అని తప్పుకొనుచుందురు. మాకిది వింతగా తోచుచున్నది. ఆ వస్తువులో నున్నదెల్ల పైన గుడ్డ, క్రింద రబ్బరు. పత్తర్‌గట్టీలో పట్టుచీరలు బేరమాడిన చేతికి ఇది యొక లెక్కా?

శాలిబండలోని మా యింట కంప్యూటరు బల్ల యొక్కటే. పగలు దానిపై మా పెద్దమ్మాయి ఒక కార్యాలయపు లెక్కలు వ్రాయును. రాత్రి చిన్నవాడు ఆటలాడును. బల్లమీద అద్దము, అద్దము క్రింద పెండ్లి ఫొటోలు. అమ్మాయి ఆ యద్దముపై పాత క్యాలెండరు అట్ట పరచుకొని పని నడపుకొనుచుండెను. ఆటకు మంచి ప్యాడు కావలెనని తమ్ముడడిగిన దినముననే ఆమెయు తన మణికట్టు నొప్పిని బయటపెట్టినది. ఆటకు మేలైన సరకు, సంపాదనకు క్యాలెండరు అట్ట! ఇట్టి న్యాయము చాల యిండ్లలో నడచుచున్నది. ఇద్దరికిని పనికివచ్చు దానినే కొనవలెనని నిశ్చయించితిమి.

1968 డిసెంబరు 9వ తేదీన డగ్లస్ ఎంగెల్‌బార్ట్ శాన్‌ఫ్రాన్సిస్కోలో సభకు చూపిన మౌస్ చక్రములపై నడిచినది. తరువాతి వానిలో రబ్బరు పూతగల గుండు దొర్లెడిది. అది జారకుండుటకు ప్యాడు అక్కరకు వచ్చెను. నేటి మౌస్‌లో గుండు లేదు, కన్నున్నది. అది సెకనుకు వేయికి మించి బొమ్మలు తీసి, అడుగుభాగము ఎటు కదలినదో పోల్చుకొనును. స్వచ్ఛమైన అద్దముపై పోల్చుకొనుటకు గురుతులెక్కడివి? అందుచేతనే తెరపై బాణము గంతులు వేయును.

సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరునకు పోయి, మాకు తెలిసిన గుడ్డ పరీక్షయే చేసితిమి. వ్రేలిని నిలువుగను అడ్డముగను నడిపినప్పుడు నునుపు రెండు దిక్కులను సమముగా నుండవలయును. నేత దట్టముగా నుండవలయును. మఖమలువలె నూగు లేచినచో మౌస్ తడబడును. అంచు కుట్టు చీర పీకోవలె నుండిన పోగులు లేవవు. కాని ఆ కుట్టు గుడ్డకంటె ఎత్తుగా నున్నచో మణికట్టును ఒరయును. అడుగు రబ్బరును బల్లపై నొక్కి త్రోసి చూడుడు, జారరాదు. రంగురంగుల దీపములు వెలుగు ప్యాడును చిన్నవాడు కోరెను గాని, తీగెయున్న దానిని ఉతుకుట యెట్లు?

ఆటగాండ్లలో అనేకులు మౌస్ వేగమును తగ్గించుకొని మోచేతినుండి చేయి కదపుదురు; వారికి చోటు కావలెను. లెక్కలకు అంత చోటక్కరలేదు గాని ముంజేయి సుఖముగా వ్రాలవలయును. అందుచే సుమారు 45 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 4 మిల్లీమీటర్ల మందముగల దానిని తీసికొంటిమి. మణికట్టు క్రింద మెత్తని దిండుగల ప్యాడులను వదలితిమి. మౌస్ కదపుచున్నంతసేపు మణికట్టును అట్లు అదిమియుంచుట మంచిది కాదు. అయినను ప్యాడు మందు కాదు. వ్రేళ్లలో తిమ్మిరి, రాత్రివేళ నొప్పి యున్నవారు వైద్యునకు చూపుకొనవలయును. మా అమ్మాయి కుర్చీని గూడ కొంత ఎత్తు చేసితిమి.

వేసవిలో చెమట పట్టి గుడ్డ బరువెక్కును. అప్పుడు గోరువెచ్చని నీటిలో కొంచెము సబ్బు కలిపి, మెత్తగా రుద్ది, పిండక డాబామీద నీడలో ఆరవేయుదుము. ఆదివారము సాయంకాలము ఉతికినచో సోమవారము అమ్మాయి పనివేళకు ఆరియుండును. ఆ రాత్రి మాత్రము ఆట లేదు.