మహేంద్రగిరి యాత్రకు ముందు

పర్లాకిమిడి ప్రక్కగా పారు మహేంద్రతనయ పుట్టిన కొండను చూడవలెనని మా విద్యార్థులు చిరకాలముగా కోరుచున్నారు. ఈ మాఘమాసమున మహేంద్రగిరిపై కుంతి, భీమ, యుధిష్ఠిరుల పేర వెలసిన రాతిగుడులు చూచి, ఒక రాత్రి గుడారములలో గడపవలెనని నిశ్చయించితిమి.

గిరి ఎత్తు 1,501 మీటర్లు. వెయ్యి మీటర్లు ఎక్కినచో సుమారు 6 డిగ్రీల చలి హెచ్చును. ఊరిలో దుప్పటి చాలిన రాత్రి శిఖరమున కంబళి కావలెను. మనిషికి 3 లీటర్ల నీరనిన 3 కిలోల బరువు. 40 కిలోల బాలుడు 8 కిలోలకు మించి మోయరాదు. ఈ లెక్కలన్నియు నల్లబల్లపై వేసి సంతోషించితిమి.

ఆ సాయంకాలము ఒక తల్లిగారు వచ్చి, "మాస్టారూ, మావాడు చెప్పిన వేళకు రాకపోతే మేమెవరిని అడగాలండీ?" అనిరి. మాకు నోట మాట రాలేదు. ఇరువదేండ్ల క్రిందట, ఆంధ్రదేశమున శిక్షణ పొందు దినములలో, మేము నలుగురము ఎవరికిని చెప్పక ఒక కొండ ఎక్కి, దారి తప్పి, తెల్లవారువరకు రాళ్ల నడుమ వణకుచు కూర్చుంటిమి. మమ్ము వెదకినవారు లేరు. ఎచ్చటికి పోయితిమో ఎరిగినవారే లేరు గదా!

కనుక ఏర్పాటు మార్చితిమి. అటవీశాఖ అనుమతి, దారి తెలిసిన సవర సోదరుని తోడు లేనిదే కదలము. పోవు దారి, బస, తిరిగి వచ్చు వేళ తల్లులకు తెలుగులోను, కొండ దిగువ గ్రామమువారికి ఒడియాలోను వ్రాసి ఇచ్చెదము. మధ్యాహ్నము 2 గంటలకు బస చేరువ కాకున్నచో వెనుకకు మరలెదము.

బాలలారా, శిఖరము ఎక్కుటకంటె, చెప్పిన వేళకు ఇంటి గడప ఎక్కుట గొప్పసుమా!